టీచరమ్మ జవాబులు: చలికాలంలో చక్రవర్తి కోట

పోయిన సంచికలో మా అమ్మాయి కుటుంబంతో బీజింగ్ వెళ్లొచ్చానని నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఈ నెల ఉత్తరాల్లో సగం దాని మీదే. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని, చైనా అడిగితే ఆగుతానా! కాకతీయుల శాసనాల గురించి అడిగినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

*టీచర్ గారూ, సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలు, మా అత్తగారితో కలిసి ఐదుగురం బీజింగ్ వెళ్లి చైనా చక్రవర్తుల కోట, ఆ ఫర్బిడెన్ సిటీ చూడాలని నా కోరిక. ఆ చలికి మనుషులెవరైనా పోతారా అంటున్నారు మావారు. ఎవరి మాట వినాలి? – ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్*

మీ మాటే వినండమ్మా. మావారూ బతికున్న రోజుల్లో ఇలాగే అనేవారు. అదీ ఊటీకి!

చలి లేదని అబద్ధం చెప్పను. జనవరిలో అక్కడ మధ్యాహ్నం సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైన ఉంటుంది, తెల్లవారుజామున మైనస్ ఎనిమిది దాకా దిగుతుంది. మేము కోటకు వెళ్లిన రోజు పొద్దున మైనస్ 7. పన్నెండు డిగ్రీలకే అల్మారాలోంచి మంకీ క్యాప్ తీసే హైదరాబాదీలం మనం. అయితే అది పొడి చలి. ఎండ చక్కగా కాస్తుంది, ఆకాశం నీలంగా ఉంటుంది. ఉత్తరపు గాలి లేచిందా, ఇక చెవులు మనవి కావు. తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని కరెంటు కొడుతుంది, పెదాలు పగులుతాయి, వాజలిన్ డబ్బా జేబులోనే ఉండాలి.

స్వెటర్ల గురించి అందరూ చెబుతారు, నేను పాదాల గురించి చెబుతా. కోట నేలంతా రాయీ ఇటుకా. నేను ఇందిరా పార్కులో నడిచే పల్చటి అడుగు షూ వేసుకుని వెళ్లాను. గంట తిరిగేసరికి కాలి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. మందపాటి అడుగున్న బూట్లు, లోపల రెండు జతల ఉన్ని సాక్సులు ఉండాలి. మీ అత్తగారికైతే మూడు.

చలికాలం లాభం జేబుకు కూడా. నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా టికెట్ 40 యువాన్లు, మిగతా నెలల్లో 60. రత్నాల గదులకు, గడియారాల గదులకు విడిగా చెరో 10. పొద్దున ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మూడున్నర దాటితే లోపలికి పంపరు, నాలుగున్నరకు మూసేస్తారు. సోమవారం సెలవు. గేటు దగ్గర కొందామంటే కుదరదు, ముందే పాస్‌పోర్ట్ నంబరుతో ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఏడు రోజుల ముందు రాత్రి ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. రాత్రి భోంచేసి తీరిగ్గా ఎనిమిదింటికి కూర్చుంటే మేం అనుకున్న రోజుకు ఒక్క టికెట్టూ లేదు. బీజింగ్ మనకంటే రెండున్నర గంటలు ముందు కదా, వాళ్ల ఎనిమిది మనకు సాయంత్రం అయిదున్నర! పిల్లలకు రేఖాంశాలు, కాలమండలాలు ముప్పై ఏళ్లు చెప్పిన మనిషిని. మా అల్లుడు ఏమీ అనలేదు గానీ మొహం తిప్పుకుని నవ్వాడు. మర్నాటి సాయంత్రం అయిదున్నరకు కూర్చుని ఆ తర్వాతి రోజుకు తీసుకున్నాం.

సంక్రాంతి సెలవులు మంచి సమయమే. వాళ్ల కొత్త సంవత్సరం మన ఉగాదిలాగే చాంద్రమానం లెక్క, అందుకే ఏటా తేదీ మారుతుంది. జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఆ వారం మాత్రం వద్దు, దేశమంతా అక్కడే ఉంటుంది.

మీ అత్తగారి సంగతి. దక్షిణాన మెరిడియన్ గేటులో అడుగు పెట్టి ఉత్తరానో తూర్పునో బయటపడాలి, వచ్చిన దారిన తిరిగి వెళ్లడం ఉండదు. తిన్నగా నడిస్తే కిలోమీటరుకు కాస్త తక్కువ. కానీ తిన్నగా ఎవరు నడుస్తారు? మెట్లు, మోకాలెత్తు గడపలు. పెద్ద మండపాల లోపలికి ఎలాగూ పంపరు, గడప ఇవతల నిలబడి సింహాసనాన్ని తొంగి చూడటమే. ఆమెకు ఎక్కడ ఎండపొడ కనిపిస్తే అక్కడ కూర్చోబెట్టండి.

*టీచర్, ఆ కోటలో 9,999న్నర గదులు ఉన్నాయని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? అంత పెద్ద రాళ్లు క్రేన్లు లేకుండా ఎలా తెచ్చారు? – ఎనిమిదో తరగతి విద్యార్థి, హనుమకొండ*

నాన్నా, నీకు వేయి స్తంభాల గుడి పక్కనే ఉంది. ఎప్పుడైనా లెక్కపెట్టావా? అక్కడి లెక్కా అలాంటిదే. స్వర్గంలో దేవుడికి పదివేల గదులట, భూమ్మీది రాజు ఆయన్ని మించకూడదని అరగది తగ్గించుకున్నాడట. కథ బాగుంది కదూ? నిజంగా లెక్కపెడితే 8,700 చిల్లర వచ్చాయి. అదీ మన గదుల లెక్క కాదు, నాలుగు స్తంభాల మధ్య జాగా ఒక గది కింద లెక్క.

రాళ్ల సంగతి అంతకంటే బాగుంటుంది. మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్‌లె 1406లో పని మొదలుపెట్టించి 1420కి పూర్తి చేయించాడు. మూడు పెద్ద మండపాల్లో వెనకదాని మెట్ల మధ్య ఒకటే రాయి పరిచి ఉంటుంది, దాని నిండా మబ్బుల్లో డ్రాగన్లు. పొడవు పదహారున్నర మీటర్లు, బరువు 200 టన్నుల పైమాటే. గని ఉన్నది దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, ఫాంగ్‌షాన్ అనే చోట. అంత బరువును చక్రాల బండి మీద పెడితే ఇరుసు విరుగుతుంది. అందుకే వాళ్లు చలికాలం కోసం కాచుకు కూర్చున్నారు. దారి పొడవునా అర కిలోమీటరుకొక బావి తవ్వి, నీళ్లు తోడి దారి మీద పోస్తే రాత్రికి రాత్రే గడ్డకడుతుంది. ఆ మంచు దారి మీద చెక్క దిమ్మెల బండి, అంటే చక్రాలు లేని స్లెడ్జి, దాని మీద రాయి. 1557లో 123 టన్నుల రాయిని ఇలాగే 28 రోజుల్లో లాక్కొచ్చారని పాత పత్రంలో ఉంది. 2013లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు ఆ పత్రం పట్టుకుని లెక్కలు వేశారు. ఉత్త నేల మీద లాగాలంటే 1,500 మందికి పైగా కావాలి. మంచు మీద ఇంకాస్త నీళ్లు చల్లుతూ లాగితే 50 మంది లోపే చాలు! రాపిడి బలం పాఠం వచ్చినప్పుడు ఇది మీ సైన్స్ సార్‌కి చెప్పు.

*కాగితం కిటికీలు, చెక్క గోడల ఇళ్లలో ఆ చలికి రాజులు ఎలా బతికారండీ? – ఒక రిటైర్డ్ ఇంజినీర్, మల్కాజిగిరి*

నేను చలికాలంలోనే వెళ్లమనేది ఈ ప్రశ్న కోసమే. ఎండాకాలం వెళ్లినవాళ్లు పసుపుపచ్చ పెంకులు, ఎర్ర గోడలు చూసి ఫొటోలు దిగి వస్తారు. మైనస్ ఏడులో నిలబడితే ఇక్కడ ఎలా కాపురం చేశారనే ప్రశ్న దానంతటదే వస్తుంది.

తల ఎత్తకండి, కింద చూడండి. నివాస మందిరాల చూరు కింద, గోడ పక్కన, నేలలో చెక్క మూతలు వేసిన గుంతలు ఉంటాయి. సేవకులు ఆ గుంతలోకి దిగి బొగ్గు రాజేసేవారు. వేడి గాలి నేల కింద ఇటుకలతో కట్టిన సొరంగాల్లో పాకి పైన గదిని కాచేది. కూర్చునే, పడుకునే ఇటుక అరుగుల కింద కూడా అంతే. ఇంత కోటకు మన వంటింటి పొగగొట్టం లాంటిది దాదాపు కనబడదు. బొగ్గే అంత ఎంచి తెచ్చేవారు, గట్టి కలపను కాల్చి చేసినది, పొగ రానిది. ఎర్ర రంగు పూసిన బుట్టల్లో వచ్చేది కాబట్టి దానికి ఎర్రబుట్ట బొగ్గు అనే పేరే పడింది. పెద్ద సభామండపాలను కాచడం ఎవరి తరం? అక్కడ కుంపట్లతో సరిపెట్టుకున్నారు. కొలువు జరిగిన రోజు మంత్రులు బయట రాతి ముంగిట్లో మోకాళ్ల మీద ఉండేవాళ్లు. నా కాలి వేళ్లు అప్పుడు గుర్తొచ్చాయి.

అందుకే కాబోలు, మింగ్‌ల తర్వాత వచ్చిన చింగ్ వంశంలో యోంగ్‌జెంగ్ కాలం నుంచి చక్రవర్తులు పెద్ద మందిరాలు వదిలేసి యాంగ్‌షిన్ అనే చిన్న మందిరంలోకి మారారు. యోంగ్‌జెంగ్ కొడుకు చియెన్‌లాంగ్ తనకు ప్రాణమైన మూడు పాత చేతిరాత ప్రతుల్ని పెట్టుకున్న గది ఎనిమిది చదరపు మీటర్లు. నల్లకుంటలో మా పూజగది, సామాన్ల గది కలిపితే అంత. 72 హెక్టార్ల కోటకు యజమాని, చలికాలం వెచ్చగా కూర్చుని రాసుకోవడానికి ఎంచుకున్న చోటు అది.

ఇంజినీర్ గారు కాబట్టి ఇంకో సంగతి. ముంగిళ్లలో మన పెళ్లి వంటల గంగాళాలకు తాతల్లాంటి గంగాళాలు ఉంటాయి, కంచువి, ఇనుపవి. కోట మొత్తం మీద 308 ఉండేవట. నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్లు. కట్టినదంతా కలప, పిడుగు పడితే అంతే. కోట పూర్తయిన మరుసటి ఏడే, 1421లో, మూడు పెద్ద మండపాలూ పిడుగుపాటుకు కాలిపోయాయి. 1557లో మళ్లీ కాలాయి, పైన కుర్రాడికి చెప్పిన 123 టన్నుల రాయి ఆ ఏడాదిదే. మరి మైనస్ పదిలో గంగాళంలో నీళ్లు గడ్డకడితే ఆర్పేదెలా? నవంబర్ చివర్లో ప్రతి గంగాళానికీ దూది బొంత చుట్టి, మూత పెట్టి, అడుగున రాతి దిమ్మెలో బొగ్గు రాజేసేవాళ్లు. మార్చి దాకా అదే పని. అగ్గి ఆర్పే నీళ్లు గడ్డకట్టకుండా వాటి కింద అగ్గి! మన తెనాలి రామలింగడు విని ఉంటే పద్యం కట్టేవాడు. కొన్ని గంగాళాలకు బంగారు పూత ఉండేది, ఇప్పుడు గీతలే మిగిలాయి. 1900లో బీజింగ్ మీదికొచ్చిన ఎనిమిది దేశాల సైనికులు కత్తులతో గీక్కుపోయారని చెబుతారు. వేళ్లు పెట్టి తడమబోయాను, కాపలా అమ్మాయి కళ్లతోనే వద్దంది.

*మేడమ్, సాలార్‌జంగ్ మ్యూజియం పదిసార్లు చూసినవాడిని. నాకక్కడ కొత్తగా ఏముంటుంది? – ఒక వ్యాపారి, పత్తర్‌గట్టీ*

సాలార్‌జంగ్ చూసినవాళ్లకే అక్కడ ఎక్కువ కనిపిస్తుందండీ. గంట కొట్టే గడ్డపాయన కోసం మనం గడియారం ముందు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని కూర్చుంటాం కదా. అక్కడి గడియారాల్లో 18వ శతాబ్దపు ఇంగ్లీషు గడియారం ఒకటుంది, విలియమ్సన్ అనే లండన్ పనివాడిది. దాంట్లో దొర బొమ్మ ఒక మోకాలి మీద కూర్చుని కుంచెతో ఎనిమిది చైనా అక్షరాలు రాస్తుంది, అన్ని దిక్కులవాళ్లూ వచ్చి చక్రవర్తికి మొక్కుతారనే అర్థంలో. వ్యాపారం కావాలంటే దొరలు బొమ్మతోనైనా దండం పెట్టిస్తారు, మీకు నేను చెప్పాలా!

ఇంకొకటి జేడ్ రాయి. మన మ్యూజియంలో ఇల్‌తుత్‌మిష్ పేరు చెక్కిన జేడ్ పుస్తకపీఠం, జహంగీర్, నూర్జహాన్‌ల కత్తులు చూసే ఉంటారు. చియెన్‌లాంగ్‌కు మన మొగలాయీ పనితనం అంటే వెర్రి. హిందుస్తానీ జేడ్ అని పేరు పెట్టి సేకరించి, వాటి మీద పద్యాలు రాసి, ఆ పద్యాలను ఆ గిన్నెల మీదే చెక్కించాడు. రత్నాల గదుల వైపు వెళ్తే మనిషిని మించిన ఎత్తులో ఒక జేడ్ కొండ ఉంటుంది, అయిదు టన్నుల పైన. వరదల్ని అదుపు చేసిన వాళ్ల భగీరథుడు, యూ మహారాజు కథ దాని మీద చెక్కారు. పని పూర్తయింది 1787లో. ఆ రాయి పడమటి చైనాలోని ఖోతాన్ నుంచి బీజింగ్ చేరడానికే మూడేళ్లకు పైగా పట్టింది. చలికాలాల్లో దారి మీద నీళ్లు పోసి, గడ్డకట్టించి లాగారు. మళ్లీ అదే ఉపాయం!

*వీసా, డబ్బులు, ఫోను? – ముగ్గురు నలుగురు అడిగారు*

వేరే దేశానికి వెళ్తూ దారిలో ఆగేవాళ్లకు పది రోజులు వీసా అక్కర్లేదని వీడియోల్లో చెప్పేది మన పాస్‌పోర్టుకు లేదు, వీసా ముందే తీసుకోవాలి. మేము బ్యాంకాక్ మీదుగా వెళ్లాం. అక్కడి వైఫైలో గూగుల్, వాట్సాప్ పనిచేయవు. ఇక్కడి నుంచి రోమింగ్ వేయించుకుంటే పనిచేస్తాయి. అక్కడ డబ్బు చెల్లించే అలీపే యాప్‌లో మన వీసా లేదా మాస్టర్ బ్యాంకు కార్డు ఇక్కడే కలుపుకోండి. చలికి ఫోను బ్యాటరీ చప్పున పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. టికెట్టులో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి, ఇంటిపేరు కుదించి ఒక్క అక్షరం వేయడం లాంటి మన అలవాట్లు పనికిరావు.

*శాకాహారులం. – ఒక జంట, కూకట్‌పల్లి*

పులిహోర పొడి, పుట్నాల పొడి, వేరుశనగలు. వేడినీళ్లు ఎక్కడైనా ఇస్తారు.

*మంచు పడటం చూశారా? – ఒక పాఠకురాలు, కరీంనగర్*

లేదమ్మా. బీజింగ్ చలికాలంలో వాన గానీ మంచు గానీ బాగా తక్కువ. ఏడాదికి కొన్ని రోజులే తెల్లబడుతుంది, ఆ రోజు టికెట్ దొరికినవాళ్లది అదృష్టం. మేము నాలుగింటికి ఉత్తర ద్వారం దాటి, రోడ్డు అవతల జింగ్‌షాన్ గుట్ట ఎక్కాం, రెండు యువాన్ల టికెట్. కందకం తవ్విన మట్టి పోస్తే అయిన గుట్ట అది. మింగ్ ఆఖరి చక్రవర్తి 1644లో ఉరేసుకున్నది దాని వాలులోనే. పైనుంచి చూస్తే అయిదింటి ఎండలో పసుపు కప్పులన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. దిగి వచ్చి కందకం గట్టున నిలబడ్డాం. 52 మీటర్ల వెడల్పు నీళ్లు గాజులా బిగుసుకుపోయి ఉన్నాయి. మా మనవడు జేబులోంచి వేరుశనగ గింజ తీసి దాని మీదికి విసిరాడు. అది ఆగుతుందేమోనని చూశాం. జారుతూ, జారుతూ, చీకట్లో కలిసేదాకా పోతూనే ఉంది.