రివర్స్‌లో ‘దడ్’ మంటే గేర్‌బాక్స్ దింపే ముందు మౌంటింగ్ చూడండి

మీ బండి 2008 సాంట్రో, రివర్స్ వేసి క్లచ్ వదలగానే కింద నుంచి ‘దడ్’ మని ఒక దెబ్బ, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకు, షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్స్ దింపి క్లచ్ సెట్టు మార్చాలన్నారు, మార్చాలా వద్దా అని కదా అడిగారు. ఇప్పుడే ఒప్పుకోకండి. ఆ దెబ్బ, ఈ వణుకు రెండూ కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది గేర్‌బాక్స్‌ని బండి బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్‌ని. మాదీ తిరుపతే, మా ఇంట్లోనూ పాత సాంట్రోనే, ఇదే గొడవ పడ్డాం. మౌంటింగ్ మార్చాక పోయింది, క్లచ్ మాత్రం ఇప్పటికీ పాతదే.

మౌంటింగ్‌లో ఉండేది చాలా తక్కువ. ఇనుప బ్రాకెట్, దానికి అతుక్కున్న రబ్బరు, ఆ రబ్బరు మధ్యలో ఒక గొట్టం, గొట్టంలోంచి బోల్టు. ఇలాంటి చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, కుడివైపు ఇంజిన్ మౌంటింగ్, ఎడమవైపు గేర్‌బాక్స్ మౌంటింగ్ బరువు మోస్తాయి, ముందూ వెనకా ఉండే రోల్ స్టాపర్లు ఊగకుండా పట్టుకుంటాయి. బానెట్ కింద వేడి, పైనుంచి కారే ఆయిల్, ఏళ్ళ తరబడి ఊపు, వీటన్నిటికీ రబ్బరు గట్టిపడి, పగిలి, చివరికి ఇనుము నుంచి ఊడొస్తుంది. అప్పుడు గేరు పడగానే ఇంజిన్, గేర్‌బాక్స్ మొత్తం ఒక పక్కకి ఒరిగి ఇనుము ఇనుముకి తగులుతుంది. మీరు వింటున్న దెబ్బ అదే అయి ఉంటుంది.

మాకు ఇది బాగా బయటపడింది తిరుమల కొండ దిగేటప్పుడు. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి, దాని మీద బ్రేకు ఒక్కటే నమ్ముకోకుండా సెకండ్ గేర్‌లో ఇంజిన్ పట్టు మీద రావాలి. కాలు తీస్తే ఇంజిన్ ఒకవైపు లాగుతుంది, మలుపు తిరిగాక కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ఇంకోవైపు. మౌంటింగ్ బాగుంటే ఇది తెలియనే తెలియదు. మాకు ప్రతి మలుపులోనూ పెడల్స్ వెనక నుంచి టక్, మళ్ళీ టక్. అమ్మ పక్కన కూర్చుని గోవిందా గోవిందా అంటూనే ఉంది, నాకు మాత్రం అలిపిరి చేరేదాకా టెన్షనే. దెబ్బ వస్తోంది కదా అని న్యూట్రల్‌లో దిగే ఆలోచన మాత్రం చేయకండి, బ్రేకులు వేడెక్కితే ఆ ప్రమాదం ముందు మౌంటింగ్ ఏమూల.

ఇంట్లోనే ఇలా చూసుకోవచ్చు. చదునైన చోట, ముందూ వెనకా ఖాళీ ఉండేలా బండి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, బానెట్ ఎత్తండి. బాగా నడపడం వచ్చినవాళ్ళు ఒకరు లోపల కూర్చుని కాలు బ్రేకు మీదే ఉంచి, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ అందుకునేంత వరకే వదలాలి, మళ్ళీ తొక్కి రివర్స్‌లోనూ అలాగే. మీరు పక్కన నిలబడి చూడండి, బండికి ఎదురుగా గానీ వెనక గానీ అస్సలు వద్దు. ఇంజిన్ కొంచెం కదలడం మామూలే. ఎగిరి పడ్డట్టు లేచినా, క్లచ్ మళ్ళీ తొక్కినప్పుడు దబ్బున కూర్చున్నా మౌంటింగ్ పోయినట్టే. తర్వాత ఇంజిన్ ఆపి టార్చి లైటు వేసి ఎడమవైపు మౌంటింగ్ చూడండి. మాదాంట్లో మధ్య గొట్టం కిందికి జారి, పైన నెలవంకలా సందు పడింది, చుట్టూ నల్లటి రబ్బరు పొడి, బ్రాకెట్ అంచు ఒకచోట రాసుకుని రాసుకుని వెండిలా మెరుస్తోంది. అది ఫోన్‌లో ఫోటో తీసి మెకానిక్ అన్నకి చూపిస్తే ఇక క్లచ్ మాటే రాలేదు.

క్లచ్ పోతే తీరు వేరు. బండి కదిలే క్షణంలో గడగడమని వణుకుతూ లాగుతుంది, లేదా ఎక్కుడులో ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తుంటే టకటకటక వస్తే యాక్సిల్ జాయింట్. క్లచ్ అందుకోగానే ఒకటి, మళ్ళీ తొక్కగానే ఒకటి, అలా ఒంటి దెబ్బ అయితే మౌంటింగ్.

మార్చడం సులువే, కానీ తొందర పనికిరాదు. చాలా చిన్న కార్లలో బ్యాటరీ, దాని ట్రే గేర్‌బాక్స్ మీదే ఉంటాయి కాబట్టి ముందు బ్యాటరీ మైనస్ తీసి, తర్వాత ప్లస్, ఆ పైన ట్రే తీస్తే చెయ్యి ఆడుతుంది. బోల్టులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, రబ్బరు మీద పడకుండా. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టేటప్పుడు మధ్యలో దళసరి చెక్క తప్పనిసరి, అల్యూమినియం కేసింగ్ మీద నేరుగా ఇనుము ఆనితే పగలొచ్చు. ఆటోమేటిక్ అయితే ఆయిల్ పాన్ కింద జాకీ పెట్టనే వద్దు. బండి ఎత్తాల్సి వస్తే స్టాండ్లు వేయాలి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరడం ప్రాణంతో చెలగాటం.

బరువు సరిగ్గా జాకీ మీద ఉంటే బోల్టు దాదాపు చేత్తో తిరిగి వచ్చేస్తుంది. రాకపోతే సుత్తి తీయకండి, జాకీని కాస్త పైకో కిందికో ఆడించి చూడండి, ఎక్కడో ఒకచోట వదులవుతుంది. కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి బోల్టు కన్నాలు, వైపు సరిపోల్చుకోండి. అన్ని బోల్టులూ వేళ్ళతోనే నాలుగు చుట్లు ఎక్కించండి. గేర్‌బాక్స్‌లో బోల్టు ఎక్కే కన్నం మరలు అల్యూమినియం, మొదటి చుట్టే ఎయిర్ గన్‌తో వంకర ఎక్కిస్తే మర చెడుతుంది, అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు. జాకీ నెమ్మదిగా దించి, ఇంజిన్‌ని చేత్తో అటూ ఇటూ ఊపి దాని చోట కూర్చోనిచ్చాక, కంపెనీ చెప్పిన టార్క్‌కి, అంటే బిగింపు లెక్కకి, బిగించాలి. ముందే బిగించేస్తే రబ్బరు మెలితిరిగిపోయి తొందరగా చీలుతుంది.

సరుకు విషయంలో నా మాట వినండి, కంపెనీ స్పేర్ కొనండి. డూప్లికేట్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ రబ్బరు మరీ గట్టిగా ఉండి స్టార్ట్ చేయగానే క్యాబిన్ అంతా వణుకుతుంది, లేదా మెత్తగా ఉండి మళ్ళీ కూర్చుండిపోతుంది. పుదుప్పేటలో సెకండ్‌హ్యాండ్ దొరుకుతుందని చెన్నై వెళ్ళే వాళ్ళుంటారు, వేరేవాటికి వెళ్ళండి, రబ్బరు సామానుకి మాత్రం వద్దు, అదీ మీ బండి అంత వయసుదే. వెనక రోల్ స్టాపర్ కూడా చూడమనండి. మేము రెండూ కలిపే మార్చాం, ఎందుకంటే ఒకటి కొత్తదై ఇంకోటి చీలి ఉంటే ఊపంతా కొత్తదాని మీదే పడుతుంది.

ఓమ్ని, సుమో లాంటి వెనక చక్రాలకి పవర్ వెళ్ళే బళ్ళున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఈ మౌంటింగ్ గేర్‌బాక్స్ తోక దగ్గర, కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మీద ఉంటుంది. అది విప్పే ముందు గేర్‌బాక్స్‌కి ఆసరా ఇవ్వాలి, లేకపోతే తోక కిందికి జారి హోసులు, వైర్లు లాగేసుకుంటాయి.

పాత మౌంటింగ్ ఆయిల్‌తో తడిసి ఉంటే ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ముందు ఆ సీల్ మార్పించండి. కొత్త రబ్బరు కాబట్టి మొదట్లో ఐడిలింగ్‌లో కొంచెం వైబ్రేషన్ ఉండొచ్చు. కొన్ని రోజులు తిరిగాక బోల్టులు ఇంకోసారి చూపించండి. బానెట్ ఎత్తి చూసినప్పుడు ఇంజిన్ అస్సలు ఎగరకపోతే, రబ్బరూ శుభ్రంగా ఉంటే, అప్పుడు యాక్సిల్ జాయింట్లు, ఆ తర్వాతే క్లచ్.