మైసూరు ప్యాలెస్ చూడటానికి గంట సరిపోతుందా? గైడు తప్పనిసరా?

ప్యాకేజీ టూరు వాళ్లు మైసూరు ప్యాలెస్‌కు గంట మాత్రమే ఇస్తామంటున్నారని రాశారు. గంట చాలదు. మూడు గంటలైనా ఉంచుకోండి. గైడు సంగతంటారా, మా మేనమామతో జరిగింది చదివి మీరే తేల్చుకోండి.

మామయ్య ఫౌండ్రీలో, అంటే లోహం కరిగించి పోతపోసే కార్ఖానాలో, అచ్చులు కట్టే మోల్డరుగా పనిచేసి రిటైరయ్యాడు. చేతికి ఏ ఇనుప వస్తువు దొరికినా తిరగేసి పోత ఎలా పోశారో చూసే రకం. కుటుంబమంతా కలిసి వెళ్లినప్పుడు, మా గైడు గుమ్మం దాటగానే బంగారం లెక్కలు మొదలుపెట్టాడు. ఆ ధోరణిలోనే కల్యాణ మంటపంలోకి తీసుకెళ్లాడు. ఎనిమిది మూలల హాలు అది. పైన నెమళ్లున్న రంగుటద్దాల కప్పు, కింద ఇంగ్లండు నుంచి తెచ్చిన టైల్స్‌లో మళ్లీ నెమళ్లు. అందరూ మెడలు వెనక్కి వంచి ఫోన్లు పైకెత్తారు. గైడు ఒక స్తంభం చూపించి, "ఒక్కొక్కటీ ఒకే రాయిలో చెక్కింది, ఎక్కడా అతుకు కనిపించదు" అన్నాడు.

మామయ్య ఊరుకుంటాడా? ముందుకెళ్లి ఉంగరం వేలితో స్తంభాన్ని కొట్టాడు. ఖంగున మోగింది. "రాయి ఇలా మోగదు బాబూ. పోత ఇనుము ఇది, లోపలంతా గుల్ల." అంతలో "ముట్టబేడి!" (ముట్టుకోవద్దు) అంటూ గార్డు పరుగెత్తుకొచ్చాడు. అత్తయ్య సిగ్గుతో, "కొట్టి చూడటానికి ఇంట్లో గిన్నెలు లేవా మీకు?" అని కసిరింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు కానీ అక్కడి నుంచి కదల్లేదు, ఇలాంటి స్తంభం ఎలా పోస్తారో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. చెక్క నమూనాను ఇసుకలోంచి తీసేటప్పుడు ఒక్క ఆకు అంచు విరిగినా అచ్చు మొత్తం మళ్లీ కట్టాలట. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేసుకోవాలట. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఈలోగా మా గుంపు వెళ్లిపోయింది. తరువాత బయట చూస్తే, అదే గైడు ఇంకో గుంపుకు "ఒకే రాయి" అని చెబుతున్నాడు!

మామయ్య మాటే నిజం. ఆ ఇనుము స్కాట్లాండులోని గ్లాస్గోలో వాల్టర్ మాక్‌ఫర్లేన్ ఫౌండ్రీలో పోసింది. ఇనుమే ఎందుకు వాడారంటే, నిప్పు భయం. పాత రాజభవనంలో చెక్కపని ఎక్కువ. 1897లో రాకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్లి వేడుకల సమయంలో అది తగలబడిపోయింది. అప్పుడు రీజెంటుగా, అంటే చిన్నవాడైన రాజు తరఫున పాలన చూస్తూ ఉన్న మహారాణి, కొత్త భవనం పని బ్రిటిష్ వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్‌కు అప్పగించారు. 1912లో పూర్తయింది, ఖర్చు 41,47,913 రూపాయలు. మన కళ్లు చెదరగొట్టే ఆ మంటపాన్ని నిలబెట్టింది ఇనుమే. గైడ్లు దీన్ని వదిలేసి కిలోల లెక్కన బంగారం చెబుతారు. వినేవాళ్లకూ అదే కావాలి మరి, వాళ్లను మాత్రం ఏమనగలం?

ఇంకో బాధ కూడా ఉంది. అదే మంటపం గోడల మీద దసరా ఊరేగింపు తైలవర్ణ చిత్రాలు వరుసగా ఉంటాయి. నిజమైన ఫోటోల ఆధారంగా వేసినవి కాబట్టి, గుంపులో ముఖాలు కూడా ఒకరివి ఒకరికి కలవవు. వాటి ముందు నిలబడేవాళ్లు అరుదు. ఆ గోడలకే వీపు ఆనించి సెల్ఫీలు దిగుతారు. చెప్పులు వదిలేచోట తోపులాట గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు పూర్తికాదు.

కాబట్టి గైడు వద్దు. దగ్గరలోని జగన్మోహన ప్యాలెస్ కూడా కలుపుకోండి. 1861లో కట్టిన ఆ భవనంలోనే 1902లో నాలుగో కృష్ణరాజ ఒడెయరు పట్టాభిషేకం జరిగింది, పెద్ద ప్యాలెస్ అప్పటికి ఇంకా కడుతున్నారు. దీపాలు చూడాలంటే ఆదివారం సాయంత్రం వెళ్లండి, దాదాపు లక్ష బల్బులు వెలుగుతాయి. నవరాత్రుల్లో మాత్రం వెళ్లకండి, స్తంభం కాదు కదా ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించదు. బంగారు సింహాసనం చూసి తీరాలనుకుంటే తప్పదు, దాన్ని జోడించి ప్రదర్శించేది ఆ రోజుల్లోనే. మిగతా ఏడాదంతా విప్పి భద్రపరుస్తారు.