‘గతించింది’ ఎందుకమ్మా?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ కవిత రెండుసార్లు చదివాను. అమ్మమ్మ మీద రాశావు కదా, నా కళ్లు చెమర్చాలి. చెమర్చలేదు. ఎందుకా అని వెతుక్కుంటూ ‘గతించింది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మనింట్లో ఆ మాట ఎవరమైనా అన్నామా? అది పేపర్లో ఫోటో కింద వేసే మాట. ‘కాలం చేసింది’ అంటే పెద్దవాళ్లు మర్యాదగా, కాస్త దూరం నుంచి చెప్పినట్టుంటుంది. ‘కన్నుమూసింది’ అంటే ఆ క్షణాన మంచం పక్కన ఎవరో కూర్చున్నట్టు. ఆ రోజు మీ అమ్మ ఫోన్ చేసి నాతో అన్నది ఒక్కటే: “అన్నయ్యా, అమ్మ పోయింది.” ఊరికి పోయిన మనిషికీ అదే మాట కదా. తిరిగొస్తుందేమోనన్న ఆశ అందులో ఎక్కడో మిగిలే ఉంటుంది. నీ కవితకు ఆ గొంతు కావాలి.

గురజాడ ‘దేశమంటే మట్టికాదోయ్’ అన్నారు. చివరి ‘ఓయ్’ తీసేసి చదువు. అర్థం ఎక్కడికీ పోదు, కానీ పాఠం చెప్పినట్టవుతుంది. ‘ఓయ్’ ఉంటే భుజం మీద చెయ్యేసి పిలిచినట్టుంది.

ఇక ‘శోకసంద్రం’, ‘కన్నీటి వరద’ కొట్టెయ్యి. అవి ఎవరి అమ్మమ్మ మీదైనా రాయొచ్చు. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు కాళిదాసు ‘మేఘసందేశం’లోలా మేఘాన్ని దూతగా పంపలేదు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవాలి. గుడిలో వేలాడే గబ్బిలమైతే, పూజారి లేని వేళ చూసి, శివుడి చెవి దగ్గరే చెప్పగలదు. అందరూ అశుభమనుకునే జీవిని దూతగా ఎంచుకోవడంతోనే ఆ కావ్యానికి అంత దుఃఖమూ అంత నిలదీతా వచ్చాయని నా నమ్మకం.

నీకు అలాంటిది దొరక్క కాదు. అమ్మమ్మ పళ్లు ఊడాక ఆకువక్క దంచుకున్న చిన్న ఇత్తడి రోలు, ఎంత తోమినా అడుగున ఎరుపు పోలేదని మొన్న ఫోన్లో నువ్వే చెప్పావు. వింటూ నేను మాట్లాడలేకపోయాను. అది కవితలో లేదేం? పెట్టు. పక్కన ‘బాధ’ అని రాయకు. ‘రక్తంలా’ అనీ అనకు, ఆ మాటతో భయం వచ్చేస్తుంది. ‘అరుణిమ’ వద్దు, ‘ఎరుపు’ చాలు. అమ్మమ్మ పోయింది, రోట్లో ఎరుపు పోలేదు. ఆ రెండు క్రియలూ ఎంత దగ్గరలో పడితే బాగుంటుందో నువ్వే చూసుకో.

తిరగరాశాక ముందు మీ అమ్మకు పైకి చదివి వినిపించు. ఆమె ఎక్కడ తలెత్తి చూస్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, అప్పుడు నాకు పంపు.

మీ మామయ్య