కొత్త కారుతో లాంగ్ ట్రిప్: ఫస్ట్ సర్వీస్ దాకా ఆగాలా?

కారు చేతికొచ్చి వారం కూడా కాలేదు, మీటర్ మీద 200 కిలోమీటర్లు కూడా లేవు, ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని 600 కిలోమీటర్ల దూరం వెళ్దామనుకుంటున్నారు, ఫస్ట్ సర్వీస్ అయ్యేదాకా ఆగమని ఒకరు ఏం కాదు వెళ్లమని ఒకరు అంటున్నారు, అంతే కదా మీ డౌటు. వెళ్లండి. నేనూ సర్వీస్‌కి ముందే దూరం వెళ్లొచ్చాను, బండి ఈ రోజుకీ సుబ్బరంగా ఉంది. కాకపోతే అందరూ ఇంజిన్ గురించి భయపెడతారు గానీ, ఇప్పటి ఇంజిన్లు మనం అనుకున్నంత సుకుమారం కాదు, అసలు ఇబ్బంది బండి మన చేతికి ఇంకా అలవాటు పడకపోవడం. కొత్త చెప్పులేసుకుని చాలా దూరం నడిస్తే చెప్పులకేం కాదు, కాళ్లే బొబ్బలెక్కుతాయి, ఇదీ అంతే.

అయినా ఇంజిన్ సంగతి ముందు చెప్పేస్తా. బండితో ఇచ్చిన మాన్యువల్‌లో రన్నింగ్ ఇన్, అంటే కొత్త ఇంజిన్ కుదురుకునేదాకా ఎలా నడపాలో చెప్పే పేజీ ఒకటి ఉంటుంది, చాలా కంపెనీలు మొదటి 1000 కిలోమీటర్లు అంటాయి, కొన్ని 1500 అంటాయి, మీ బండికి ఎంత రాశారో అదే లెక్క, పక్కింటాయన చెప్పింది కాదు. ఆ టైంలో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకి సరిగ్గా కుదురుకుంటాయి, అందుకని గంటలకొద్దీ ఒకే స్పీడులో పోకూడదు. హైవే మీద క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే స్పీడు పట్టి ఉంచేది) పెట్టేసి కాళ్లు చాపుకుని కూర్చోవాలనిపిస్తుంది, ఈ ఒక్క ట్రిప్‌కి దాన్ని మర్చిపోండి, కాసేపు 70లో కాసేపు 90లో అలా మారుస్తూ పోండి. యాక్సిలరేటర్ నేలకి అంటేదాకా తొక్కొద్దు, ఓవర్‌టేక్ చెయ్యాలంటే ఎదర చాలా ఖాళీ ఉన్నప్పుడే. అలాగని మరీ నెమ్మదిగా పోతే మంచిదనుకునేవాళ్లున్నారు, మాన్యువల్ గేర్ బండిలో 40 స్పీడుకే అయిదో గేరేసి ఇంజిన్ గడగడలాడుతుంటే లాగించడం ఇంకా చెడ్డది, గేరు తగ్గించుకోండి. పొద్దున్నే స్టార్ట్ చేసి పావుగంట నిలబెట్టి వేడి చెయ్యడం కూడా అనవసరం, స్టార్ట్ చేసి మెల్లగా కదిలితే దానంతటదే వేడెక్కుతుంది.

మొదట్లో బానెట్ వైపు నుంచి కాలిన వాసన కొంచెం వస్తుంది, సైలెన్సర్ మీదున్న పూతలు అవీ వేడికి కాలడం వల్ల, కంగారు పడక్కర్లేదు. పొగ కనిపించినా, టెంపరేచర్ లైటు వెలిగినా మాత్రం పక్కకి ఆపేయాల్సిందే.

ఇంజిన్ కన్నా నేను ఎక్కువ జాగ్రత్త పడమనేది బ్రేకులూ టైర్లూ. కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్కుకి పూర్తిగా పట్టు కుదరడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, కొత్త టైర్ల పైపొర కూడా కాస్త జారుడుగా ఉంటుంది, ఈ రెండూ కలిసి పాత బండిలో ఆగినంత దగ్గరలో ఇది ఆగకపోవచ్చు, వాన పడితే మరీను. అందుకే బయల్దేరేలోపు ఊరి బయట ఖాళీ రోడ్డు మీద కాస్త తిప్పండి, వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి 20కి మెల్లగా బ్రేకేస్తూ తగ్గించడం కొన్నిసార్లు చెయ్యండి. ట్రిప్‌లో ముందు బండికి మామూలుగా వదిలేదాని కంటే ఎక్కువ గ్యాప్ వదలండి.

టైర్లలో గాలి మీరే చూసుకోండి, షోరూంలో చూసే ఉంటారులే అనుకోవద్దు. నాకిచ్చిన బండికి నాలుగు టైర్లలోనూ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి యార్డులో రోజుల తరబడి నిలబడతాయి కదా, టైర్లు ఒకవైపు అణగకుండా ఎక్కువ కొట్టి పెడతారు, డెలివరీ రోజు తగ్గించడం మర్చిపోతే ఇక అంతే, గతుకుల్లో నడుములు ఎగిరిపోతాయి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, చాలా బండ్లకి అందులో ఇద్దరికి ఒక లెక్క, ఫుల్ లోడుకి ఒక లెక్క ఉంటాయి, మీరు రెండోది చూడాలి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. దార్లో వేడికి మూడు నాలుగు పీఎస్ఐ పెరగడం మామూలే, పెరిగింది కదా అని తీసేయొద్దు.

స్టెప్నీ ఉందో లేదో డిక్కీ కార్పెట్ ఎత్తి కళ్లతో చూడండి, నవ్వకండి, ఈమధ్య కొన్ని బండ్లలో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్టు మాత్రమే ఇస్తున్నారు, అది మేకు గుచ్చుకున్న చిన్న కన్నానికి పనికొస్తుంది గానీ టైరు పక్కభాగం చిరిగితే పనికిరాదు. సన్న స్టెప్నీ అయితే దాని మీదే 80 దాటొద్దని రాసుంటుంది. ఇంకో పని, వీల్ స్పానర్ పెట్టి ఒక్క బోల్టు లూజ్ చేసి మళ్లీ బిగించి చూడండి. మిషన్‌తో బిగిస్తారు కాబట్టి కొన్నిసార్లు మనిషి స్పానర్ మీదెక్కి నిలబడితే గానీ కదలదు, ఆ సంగతి చీకట్లో రోడ్డు పక్కన తెలియడం కంటే ఇంటి దగ్గర తెలిస్తే నయం. అలాయ్ వీల్స్‌కి తాళం బోల్టు ఉంటే దాని సాకెట్ ఎక్కడ పెట్టారో వెతికి పెట్టుకోండి.

ఇక చేతి అలవాటు. నా పాత బండికి ఇండికేటర్ కుడివైపు, కొత్తదానికి ఎడమవైపు, కొన్నాళ్లపాటు మలుపు వచ్చినప్పుడల్లా ఎండలో వైపర్లు ఆడేవి, మా ఆవిడకి అదొక కాలక్షేపం. ట్రాఫిక్‌లో అది నవ్వులాటే, హైవే మీద రాత్రిపూట కాదు. అందుకే ఒక గంటైనా చీకటి పడ్డాక నడపండి, డిప్పర్, అద్దం మీద మంచు పోగొట్టే బటన్, హజార్డ్ లైట్లు చూడకుండానే చేతికి అందాలి. లేన్ అసిస్ట్ లాంటివి ఉంటే ఇంకా ముందే తెలియాలి, ఇండికేటర్ వెయ్యకుండా గీత దాటితే స్టీరింగ్ దానంతటదే వెనక్కి లాగుతుంది, మొదటిసారి ఎవరికైనా గుండె జారుతుంది.

సీటు కూడా బయల్దేరే రోజు కాదు, ముందే సెట్ చేసుకోండి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద ఆనాలి, హెడ్ రెస్ట్ పై అంచు తల ఎత్తుకి రావాలి. డిక్కీ నిండితే వెనక దిగి ముందు లైట్లు పైకి లేస్తాయి, ఎదుటివాళ్లు తిడతారు, లైట్లు కిందికి దించే డయల్ చాలా బండ్లలో స్టీరింగ్ దగ్గర్లోనే ఉంటుంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఉంచేసుకునే అలవాటు మనవాళ్లకి ఉంది, పీకెయ్యండి, జారతాయి, పైగా సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో దానికి అడ్డం. ఎండలో నిలబెట్టాక కొత్త బండి వాసన ఘాటుగా ఉంటుంది, పిల్లలకి వాంతులొస్తాయి, కాసేపు అద్దాలన్నీ దించి నడిపి ఆ తర్వాతే ఏసీ వేసుకోండి.

బయల్దేరాక 100 కిలోమీటర్ల లోపే ఒకసారి ఆగండి, ఎవరూ ఆగమనకపోయినా సరే. బండి చుట్టూ తిరిగి ప్రతి చక్రం దగ్గర అరచెయ్యి వెనకవైపు పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండడం సహజం, కానీ ఎడమదీ కుడిదీ దాదాపు ఒకేలా ఉండాలి, ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉందని అనుమానం. కింద నీళ్లు కారుతుంటే అది ఏసీ నీళ్లు, రంగో జిడ్డో ఉంటేనే ఫోన్ చెయ్యాలి. రాత్రి బస దగ్గర చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసిన కాసేపటికి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి, కొత్త ఇంజిన్ మొదట్లో కాస్త ఆయిల్ తాగడం ఉంటుంది. ఇంకెన్ని కిలోమీటర్లు వస్తుందని స్క్రీన్ మీద చూపించేదాన్ని నమ్ముకోవద్దు, అది ఇంతవరకు మీరు నడిపినదాన్ని బట్టి కట్టే లెక్క, ఘాట్ ఎక్కితే గబగబా పడిపోతుంది, పావు ట్యాంకు ఉండగానే కొట్టించండి.

సర్వీస్ విషయం ఒక్కటి చూసుకోండి. రానూపోనూ 1200, ఇప్పటికున్నవి కలిపితే 1400కి దగ్గరవుతుంది. మీ బుక్‌లెట్‌లో ఫస్ట్ సర్వీస్ 1000కో నెలకో ఏది ముందైతే అది అని ఉంటే దార్లోనే దాటిపోతారు. వెళ్లేముందే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ఎంత దాటితే ఒప్పుకుంటారో అడగండి, నోటిమాట కాకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి, రేపు వారంటీ దగ్గర తకరారు వస్తే అదే చూపించొచ్చు.