నీచు వాసనని జపనీస్‌లో ఏమంటారు?

ప్రశ్న: జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగం కోసం భాష నేర్చుకుంటున్నాను. వాసనల పాఠంలో ఐదు మాటలకీ యాప్ 'దుర్వాసన' అనే చూపిస్తోంది. టైపింగ్‌కి ఒక ఉచిత జపనీస్ కీబోర్డు వేసుకున్నాను. ఇంకో మంచి యాప్ చెప్పండి.

జవాబు: చెప్పను. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి, యాప్ మార్చినా ఇదే గోల, ఎందుకంటే చాలావాటిలో జపనీస్ మాట ముందు ఇంగ్లిష్‌లోకి వెళ్లి ఆ తర్వాతే తెలుగులోకి వస్తుంది. 'నమగుసాయ్' అక్కడ 'ఫిషీ' అవుతుంది, ఆ ఇంగ్లిష్ మాటకి తేడాగా ఉందనే అర్థమూ ఉంది కాబట్టి ఇక్కడికొచ్చేసరికి 'అనుమానాస్పదం' అయినా ఆశ్చర్యం లేదు. నిజానికి అది నీచు వాసన, చేపలు కడిగిన సింకు దగ్గర వచ్చేదే. కొగెకుసాయ్ మాడు వాసన. కబికుసాయ్ బూజు వాసన, వానాకాలం బీరువా తీస్తే గుప్పుమంటుందే, అది. అసెకుసాయ్ చెమట కంపు. అఓకుసాయ్ పసరు వాసన, మనిషిని అంటే ఇంకా పిల్లతనం పోలేదని. ఈ ఐదింటిలో నమగుసాయ్‌లో మాత్రమే 'కు' కాస్తా 'గు' అయింది. నోటుబుక్కులో తెలుగులోనే రాసుకోండి, మధ్యలో ఇంగ్లిష్ ఎందుకు?

ఇంకోటి, కుసాయ్ అన్న మాటనీ, చెడు వాసన అనే అర్థంలో నియోయ్ అన్న మాటనీ ఒకేలా రాస్తారు, అందుకే యాప్ గొంతుని నమ్మకుండా పైన చిన్న అక్షరాల్లో ఎలా పలకాలో చూపించే ఫురిగానా చూడండి. పెద్దాయన ఎదుట 'కుసాయ్' అంటే మొహం మీదే కంపు అన్నట్టు.

నాకు అసలు టెన్షన్ ఆ కీబోర్డుతోనే. జపనీస్ కీబోర్డు మీరు కొట్టిన శబ్దాన్ని కాంజీగా, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలుగా మార్చాలి, మంచి సూచనల కోసం కొన్ని కీబోర్డులు ఆ అక్షరాల్ని సర్వర్‌కి పంపుతాయి. 2013 డిసెంబరులో జపాన్‌లోనే ఒక ఉచిత కీబోర్డు వాడేవాళ్లకి తెలియకుండా ఇలా పంపుతోందని బయటపడి, ప్రభుత్వ కార్యాలయాలకి హెచ్చరికలు వెళ్లాయి. వేసుకునేటప్పుడు 'పాస్‌వర్డులతో సహా మీరు టైప్ చేసేదంతా ఇది సేకరించవచ్చు' అని ఫోన్ చెప్తుంది, మనం చదవకుండా ఓకే కొట్టేస్తాం. పాఠం కోసం వేసిన కీబోర్డుతోనే బ్యాంకు పిన్ కూడా కొడతాం! జపనీస్‌లో దీనికీ ఓ కంపు మాట ఉంది, ఉసన్‌కుసాయ్, తేడాగా ఉందే అని.

ఫోన్‌తో వచ్చిన కీబోర్డు సెట్టింగ్స్‌లో భాషలకి వెళ్లి జపనీస్ జోడించుకోండి, దాదాపు అన్నిటిలో ఉంటుంది. ఆ ఉచితదాన్ని తీసేసి, ఇన్నాళ్లూ దానితో కొట్టిన పాస్‌వర్డులు ఈ రాత్రికే మార్చండి.