మెక్‌క్వీన్ కోటు, లేపాక్షి చెంగు

ప్రశ్న: అక్కా, మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. నేను అనంతపురంలో ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతున్నా. బ్రిటిష్ డిజైనర్లు అలెగ్జాండర్ మెక్‌క్వీన్, వివియన్ వెస్ట్‌వుడ్ అంటే ప్రాణం. ఫోన్ నిండా వాళ్ల డ్రెస్సుల ఫొటోలే. వాళ్లకు అన్ని ఐడియాలు ఎక్కడి నుంచి వచ్చేవి? సొంతంగా ఏదైనా గీద్దామని కూర్చుంటే నాకు ఏమీ తోచదు, టెన్షన్ వస్తుంది.
- ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: వాళ్లిద్దరూ నాకూ చాలా ఇష్టం తల్లీ. అందుకే నీ ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే రాస్తున్నా.

ముందు మెక్‌క్వీన్ సంగతి. వాళ్ల నాన్న లండన్‌లో టాక్సీ నడిపేవాడు. ఈ అబ్బాయి పదహారేళ్లకే చదువు ఆపేసి, కోట్లకు పేరుపడిన శావిల్ రో వీధిలో కుట్టుపనికి చేరాడు. అక్కడి కోటును విప్పి చూస్తే పైగుడ్డకూ లోపలి కాన్వాస్‌కూ మధ్య ఏటవాలుగా సన్నని చేతికుట్లు వందలకొద్దీ కనిపిస్తాయి. కాలరు మడత ఇస్త్రీ బలంతో కాకుండా తనంతట తాను ఒంపు తిరిగేది ఆ కుట్ల వల్లే. అతను ముందు నేర్చుకున్నది ఆ పని. కాలేజీకి వెళ్లింది ఆ తర్వాతే. మా ఇన్‌స్టిట్యూట్‌లో చెయ్యి అతికితే చంక దగ్గర ముడత పడకుండా చూసుకోలేని పిల్లలు కూడా మొదటి రోజే గౌను బొమ్మలు గీస్తామంటారు. వాళ్లకూ నేను చెప్పేది ఈ కథే.

ఇక అతని ఐడియాలు. తండ్రి వైపు వాళ్ల మూలాలు స్కాట్లాండ్‌లో ఉన్నాయి. 1746లో కల్లోడెన్ యుద్ధంలో అక్కడి కొండప్రాంతాల వాళ్లు ఓడిపోయాక, వాళ్ల గళ్ల ఉడుపులను ప్రభుత్వం చట్టం పెట్టి నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం ఎత్తేయలేదు. మెక్‌క్వీన్ 2006లో ఆ యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల పేరు మీద ఒక కలెక్షన్ చేశాడు. తన ఇంటిపేరు వంశానికి చెందిన ఎరుపు, నలుపు, పసుపు గళ్లనే వాడాడు. తనవాళ్ల దుఃఖం అది. అందుకే ఆ బట్టలు చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

వెస్ట్‌వుడ్ మొదట బడిపంతులమ్మ. లండన్‌లో వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియం ఉంది, టికెట్ లేదు. అక్కడున్న 18వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు బూషే వర్ణచిత్రాన్ని 1990లో ఏకంగా కోర్సెట్ (నడుము బిగించే జాకెట్టు) మీద అచ్చు వేయించింది. హారిస్ ట్వీడ్ అనే ఉన్నిగుడ్డతో 1987లోనే ఒక కలెక్షన్ చేసింది. ఆ గుడ్డను స్కాట్లాండ్ పడమటి దీవుల్లో నేతగాళ్లు తమ ఇళ్లలోనే చేత్తో నేయాలి, లేకపోతే ఆ పేరు పెట్టకూడదని 1993లో చట్టమే వచ్చింది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదానివి, దాని విలువ నీకు నేను చెప్పాలా?

ఇప్పటివాళ్లలో లండన్ డిజైనర్ ప్రియా అహ్లువాలియాను కూడా చూడు. తల్లి భారతీయురాలు, తండ్రి నైజీరియా ఆయన. పానిపట్‌లో గుట్టలు పోసిన పాతబట్టలను చూశాక, ఆ పాతవాటితోనే కొత్తవి కుట్టడం మొదలుపెట్టింది.

కాబట్టి ఫోన్ కాస్త పక్కన పెట్టు. ఫొటోలో బట్ట ముందువైపే కనిపిస్తుంది, కుట్టు కనిపించదు. లేపాక్షికి వెళ్లు. లతా మంటపం స్తంభాల మీది తీగలు, పూలు మీ ధర్మవరం అంచుల మీదికి ఎప్పుడో ఎక్కాయి, వాటిని వదిలెయ్. నాట్యమంటపం పైకప్పు చూడు. ఆ బొమ్మల్లో ఆడవాళ్ల చీర చెంగులు కిందికి జారవు, పక్కకు కోసుగా నిలబడి ఉంటాయి. గళ్లు, చారలు, చుక్కలు ఒక్కో చీరకు ఒక్కో రకం. ఆ చెంగు నిజంగా అట్లా నిలబడాలంటే గుడ్డ ఎంత బిగువుండాలి, ఎక్కడ కత్తిరించాలి, లోపల ఏం పెట్టి కుట్టాలి? నోటుబుక్కులో ఆ ఒక్క చెంగు మాత్రమే గీసుకుని రా. పడుగులో ఏ పోగు వేస్తే ఆ బిగువు వస్తుందో మీ నాయనను అడుగు. మిగతాది నీ కత్తెర చూసుకుంటుంది. కుట్టాక నాకు పంపించు, చూడాలని ఉంది.

ప్రశ్న: పాతకాలపు ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ గీసిన పక్షుల ప్రింటు కాటన్ తెప్పించుకున్నా. చూస్తే మన కలంకారీలా ఉంది. బ్లౌజు కుట్టించుకోవచ్చా మేడమ్?
- ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: తప్పకుండా కుట్టించుకోండి. ఆయన తోటలో స్ట్రాబెర్రీలు ఎత్తుకుపోయే పిట్టలే ఆ ప్రింటులో ఉన్నవి. 1883 నాటి డిజైన్ అది. గుడ్డంతా నీలిమందులో ముంచి, బొమ్మ రావాల్సిన చోట రంగు తీసేసి, తర్వాత ఎరుపు, పసుపు అద్దేవారు. పిట్టలు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒక జంట వీపు మధ్యలోకి వచ్చేలా కత్తిరించమని టైలర్‌కు ముందే చెప్పండి. అందుకు గుడ్డ అర మీటరు ఎక్కువే పడుతుంది. మీదికి అంచు సన్నగా ఉన్న మాధవరం చీర కట్టండి.