అన్న చెవులు ఎందుకు మూసుకుంటాడో చదవాలంటే

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నేను ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అన్నకు 24 ఏళ్లు, ఆటిజం ఉంది. నాన్న పనిచేసే రైస్ మిల్లుకు పోతే అంత మోతలోనూ గంటలకొద్దీ నిమ్మళంగా కూర్చుంటాడు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం చెవులు మూసుకుని బయటికి ఉరుకుతాడు. ఇట్లా ఎందుకో చదవాలని, పరిశోధన చేయాలని నాకు ఉంది. సైకాలజీ తీసుకుంటానంటే నాన్న వద్దంటున్నాడు. నీట్ లాంగ్‌టర్మ్ పోయి డాక్టర్ అయితే అన్నను బాగు చేయొచ్చు కదా అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో మిల్లునూ కుక్కర్‌నూ పక్కపక్కన పెట్టావు చూడు, అక్కడే కాసేపు ఆగిపోయాను. చాలా ఇళ్లలో "మా వాడికి సప్పుడు పడదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఏ సప్పుడు పడదు, ఏది పడుతుంది అని నువ్వు విడదీసి చూశావు. పరిశోధకులు చేసేది కూడా ఇదే.

నువ్వు చూసినదాన్ని 1943లోనే లియో కానర్ అనే డాక్టర్ చూశాడు. అమెరికాలో 11 మంది పిల్లల గురించి ఆయన రాసిన వ్యాసంతోనే ఆటిజం గురించిన చదువు మొదలైందని చెబుతారు. ఈ పిల్లలు పెద్ద సప్పుళ్లకు హడలిపోతారనీ, అయినా తామే అంత పెద్ద లొల్లి చేస్తూ హాయిగా ఉండగలరనీ అందులో రాశాడు. అంటే బాధ ఒక్క సప్పుడు పెద్దదవడం వల్లే కాదు. అది చెప్పకుండా వచ్చి మీద పడేదా, తన చేతిలో ఉన్నదా అనేది కూడా లెక్కలోకి వస్తుంది. మిల్లు మోత పొద్దున మొదలైతే ఒకే తీరుగా సాగుతుంది. కుక్కర్ ఏ నిమిషాన అరుస్తుందో ఎవరికి తెలుసు? మీ అన్న విషయంలో కారణం ఇదేనని మాత్రం నేను అనను. మనిషిని చూడకుండా అట్లా చెప్పకూడదు.

కానర్ అంత ముందే రాసినా, నిర్ధారణ లక్షణాల్లో ఈ విషయానికి చోటు దొరకడానికి 70 ఏళ్లు పట్టింది. అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం ఐదో ఎడిషన్ 2013లో వచ్చింది. శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ లాంటివి మరీ ఎక్కువగా తాకడం, లేదా అసలు తాకనట్టే ఉండడం ఆటిజం లక్షణాల్లో ఒకటని అందులో చేర్చారు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. మన దేశంలో వైకల్య సర్టిఫికెట్ కోసం వాడే ఐసా అనే 40 అంశాల కొలమానంలో కూడా ఇంద్రియాలకు సంబంధించిన భాగం ఒకటి ఉంది. ఆ కొలమానం తయారైంది మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థలోనే. ఇప్పుడు దాని పేరు నీపిడ్.

ఇక్కడ నాకు మనసులో గుచ్చుకునే మాట ఒకటి చెప్పాలి. ఆటిజం అనగానే మనకు మూడేళ్ల పిల్లవాడే గుర్తొస్తాడు. జిల్లా ఆసుపత్రుల్లో ఉండే డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదలలో ఇబ్బందులను ముందే గుర్తించి సాయం చేసే కేంద్రాలు, 18 ఏళ్లలోపు వాళ్లకే. కానర్ చూసిన పిల్లల్లో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్ పెరిగి పెద్దవాడై, బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన బతుకులో పసితనం ఎంత, పెద్దరికం ఎంత! మీ అన్న వయసువాళ్లు బస్టాండులో, పెళ్లి డీజే ముందు, ట్యూబ్‌లైటు మిణుకుమనే ఆఫీసులో ఏం పడుతున్నారో వాళ్లనే అడిగి తెలుసుకునే పని ఆలస్యంగా మొదలైంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆష్లీ రాబర్ట్‌సన్, డేవిడ్ సిమన్స్ అనే మనస్తత్వ పరిశోధకులు పెద్దవాళ్లు తమకు తామే నింపుకునే 42 ప్రశ్నల పత్రం తయారుచేసి 2013లో ప్రచురించారు. నువ్వు చేయాలనుకుంటున్న పని ఈ దారిలోదే.

ఆ ప్రశ్నలను మక్కీకి మక్కీ తెలుగులో పెడితే నల్లగొండలో పని జరగదని నా నమ్మకం. చలిదేశపు ఇంట్లో ఒంటికి గుచ్చుకునేది వేరు. మన దగ్గర గంజి పెట్టిన చొక్కా, చెమటకు అతుక్కున్న బనియన్, తలకు రాసిన నూనె, పోపు ఘాటు ఉంటాయి. మాటలు చూడు, మనకు ఎన్ని ఉన్నాయో: చెవులు గింగురుమనడం, పళ్లు జివ్వుమనడం, ఒళ్లు జలదరించడం, గరగర, చురచుర, జిగట. ఏ సప్పుడు, ఏ స్పర్శ ఒంట్లో ఎక్కడ ఎట్లా తగులుతుందో చెప్పే మాటలు ఇవి. వీటితో ప్రశ్నలు తయారుచేసి, పదిమంది ఆటిజం ఉన్న పెద్దవాళ్ల ముందు పెట్టి సరిచూసుకోవాలి. ఆ పని మిర్యాలగూడ మాట వింటూ పెరిగిన మనిషి చేస్తేనే బాగుంటుంది. ఇంగ్లిష్ మీడియం కాదని నీకేమైనా బెంగ ఉంటే ఇక్కడే వదిలెయ్. ఇంగ్లిష్ నేర్చుకోక తప్పదు, కానీ నీ తెలుగు నీకు ఆస్తి.

ఇప్పుడు చదువు. సైకాలజీ డిగ్రీకి ఫలానా గ్రూపే ఉండాలని లేదు, బైపీసీ చాలు. డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు సైకాలజీ ఉన్న హైదరాబాద్ కాలేజీలు ముందు చూడు. స్టాటిస్టిక్స్ కూడా కలిసొచ్చే కాంబినేషన్ దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ రంగంలో చాలామంది తడబడేది అక్కడే. పీజీకి ఉస్మానియాలో అయితే సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి ఒక కేంద్రం, మెదడు, ఆలోచన పనిచేసే తీరును చదివే న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్‌కు మరొక కేంద్రం ఉన్నాయి. కాగ్నిటివ్ సైన్స్ కోసం అలహాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ కాన్పూర్, ఐఐటీ గాంధీనగర్ కూడా ఉన్నాయి. ఆ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, పీహెచ్‌డీ. నెట్‌లో మంచి మార్కులతో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది. అయితే అక్కడికి చేరేసరికి నీకు 28 దాటొచ్చు. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది ముందే తెలుసుకుని దిగు.

ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకో. పరిశోధన చేసే సైకాలజిస్టు వైద్యం చేయరు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. పాత ఎంఫిల్ దారి మూతపడి కొత్త కోర్సులు వస్తున్నాయి కాబట్టి, నువ్వు చేరే ఏడాది ఆర్‌సీఐ జాబితా నువ్వే చూసుకో. ఇంద్రియాల ఇబ్బందికి రోజువారీ సాయం చేసేవాళ్లు ఆక్యుపేషనల్ థెరపిస్టులు, వాళ్ల చదువు బీఓటీ అనే డిగ్రీ. నీకు ఎందుకో తెలుసుకోవాలని ఉందా, పక్కన కూర్చుని సాయం చేయాలని ఉందా? రెండూ గొప్పవే, కానీ దారులు వేరు. ఉత్తరం చదివితే నాకు మొదటిదే కనబడింది.

మీ నాన్నగారి మాట తీసిపారేయకు. కొడుకు బాగుపడాలన్న ఆశతోనే ఆయన డాక్టర్ అంటున్నారు. ఆటిజం జ్వరంలా మందుతో పోయేది కాదనీ, ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు చదివినా అది మారదనీ మెల్లగా చెప్పు. మారగలిగింది ఇల్లు. విజిల్ వేయబోయే ముందు ఒక కేక వేసి చెప్పడం, అన్నకు చెవులు కప్పే హెడ్‌ఫోన్ అందించడం ఇవాళే చేయొచ్చు. ఇంకొక మాట కూడా ఆయనతో అను: తెల్లారి లేచి మిల్లుకు వెంట తీసుకుపోతున్నది ఆయనే, అన్నకు నిమ్మళంగా ఉండే చోటు దొరికింది ఆయన వల్లే.

చివరగా, నీ ఉత్తరంలో అన్న ఏం చేస్తాడో ఉంది, అన్న ఏమంటాడో లేదు. ఈ ఆదివారం ఫోన్‌లో మిల్లు సప్పుడు, కుక్కర్, ఆర్టీసీ బస్సు హారన్, వాన రికార్డు చేసుకుని అన్న దగ్గర కూర్చో. ముందు అడుగు, వింటావా అని. వద్దంటే అక్కడితో ఆపెయ్. సరేనంటే ఫోన్ ఆయన చేతికే ఇవ్వు, ప్లే నొక్కేదీ ఆపేదీ ఆయనే. మాటల్లో చెప్పకపోతే వేలితో చూపించినా, గది దాటి పోయినా అదీ జవాబే. ఏం జరిగిందో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకుని నాకు మళ్లీ రాయి. పరిశోధన పేరుతో దాన్ని ఎక్కడా పెట్టకు. అన్న నీకు శాంపిల్ కాదు, పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఎవరినీ అట్లా వాడకూడదు. ఆ నోట్‌బుక్ మీ ఇద్దరిదే.